పడిపోయిన మనిషికి ముందు ఈసీజీ తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరినప్పటి నుంచి మా దిక్కు ఎవరు సోయి తప్పి పడినా ఎండదెబ్బ అనే అంటున్నారు. మా నల్లగొండ ఎండలు ఎట్లాంటివో మీకు తెలుసు, ఆ మాట కొట్టిపారేయను. కానీ నా భార్య మూడేండ్లలో తొమ్మిదిసార్లు పడింది. అందులో ఎండాకాలం రెండుసార్లే. ఒకసారైతే ముసురు పట్టిన రోజు, వంటింట్లో.

మాది హాలియా దగ్గర పల్లె. నేను బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌ని. ఆమె మొదటిసారి పత్తి ఏరుతూ పడింది. కూలోళ్లు చేతిలో తాళంచెవులు పెట్టారు, ఉల్లిగడ్డ వాసన చూపించారు. నేను ఉరికి పోయేసరికి లేచి కూర్చుని, "నాకేం గాలే, నువ్వెందుకొచ్చినవ్" అంటోంది. ఏరిన పత్తి ఒడిలోనే ఉంది.

ఒక ప్రైవేటు దవాఖానలో తలకు సీటీ తీశారు, తర్వాత ఎంఆర్ఐ, ఆపైన మెదడులో కరెంటు తీరు చూసే ఈఈజీ. అన్నీ నార్మల్. అయినా ఫిట్స్ గోలీలు రాశారు. ఏడాదిన్నర వేసుకుంది. పొద్దంతా మత్తుగా ఉండేది, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేచేది కాదు. పడుడు మాత్రం ఆగలేదు. ఆ ఏడు పత్తి పైసలన్నీ అటే పోయాయి.

చివరికి హైదరాబాద్‌లో ఒక గుండె డాక్టరు ఫైలు తెరవకముందే, "పడినప్పుడు పక్కన ఉన్నదెవరు?" అని అడిగారు. నేనే అన్నాను. మొహం ఏ రంగుకు తిరిగింది, ఎంతసేపట్లో తేరుకుంది, లేవగానే మనుషుల్ని గుర్తుపట్టిందా అని అడిగారు. సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, అర నిమిషంలో లేస్తుంది, లేస్తూనే నన్ను గుర్తుపడుతుంది అని చెప్పాను. ఫిట్స్ వచ్చిన మనిషి సాధారణంగా లేచాక కూడా కొంతసేపు అయోమయంగా ఉంటారట, నాలుక పక్కన కొరుక్కోవడం కూడా ఉంటుందట. మూడేండ్లలో ఈ ముక్క నన్నెవరూ అడగలేదు.

ఆమెను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు. నిలబెట్టి వెంటనే ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూశారు. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే, పడిపోవడానికి అదే కారణం కావచ్చునట. ఆమెకు అట్లా తగ్గలేదు. ఈసీజీలో మాత్రం గుండెకు కరెంటు పోయే దారిలో అడ్డం కనపడింది. ఛాతీకి అతుకులు అంటించి, చిన్న డబ్బా సంచిలో పెట్టి మెడకు తగిలించారు. గుండె కొట్టుకునే తీరును గంటలకొద్దీ రాసుకునే ఆ డబ్బాను హోల్టర్ అంటారు. మొదటిసారి 24 గంటలు పెడితే ఏమీ దొరకలేదు. "ఆ రోజు రాలేదంతే, ఏమీ లేదని కాదు" అని రెండోసారి మూడు రోజులు పెట్టారు.

రెండో రోజు ఆమె కాగితం మీద రాసుకుంది: "పదిన్నరకు కండ్లు తిరిగినయ్, గోడ పట్టుకున్న." డబ్బాలోని గీత సరిగ్గా ఆ టైముకు చదునుగా పోయింది. ఆ గీత అచ్చు తీసిన గడుల కాగితం మీద ఐదు పెద్ద గడులు ఒక సెకండు. నేను పెన్ను మొనతో లెక్కపెట్టాను, ముప్పై గడులు. ఆరు సెకండ్లు నా భార్య గుండె కొట్టుకోలేదు.

ఆరోగ్యశ్రీలో, గుండె ఆగబోతే కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్ పెట్టారు. ఫిట్స్ గోలీలు డాక్టర్లే మెల్లగా తగ్గించి ఆపారు. పద్నాలుగు నెలలైంది, మళ్లీ పడలేదు.

అందరికీ గుండె జబ్బే అని నేననను. పింఛన్ల రోజు మా పోస్టాఫీసు ముందు ముసలోళ్లు గంటలకొద్దీ నిలబడతారు, రక్తం కాళ్లలోకి దిగి కండ్లు బైర్లు కమ్ముతాయి. ఒక పెద్దమనిషి మూత్రం సాఫీగా రావడానికి వేసుకునే గోలీకి బీపీ గోలీ తోడై, కూర్చుని లేస్తే చాలు తూలేవాడు. డాక్టరు గోలీ మార్చాక తగ్గింది. ఇప్పుడు అందరినీ బెంచీ మీద కూర్చోబెట్టే పిలుస్తున్నాను. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడడానికి కొత్త మిషనేమీ అక్కర్లేదు, ఏ ఊరి దవాఖానలోనైనా ఐదారు నిమిషాల పని. పని చేస్తూ చేస్తూ పడినా, పడుకున్న చోటే సోయి తప్పినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయి ఉన్నా ఆ రోజే ఈసీజీ తీయించాలి. చూసినవాళ్లు తప్పకుండా వెంట పోవాలి. వీలైతే ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించాలి.

నల్లగొండలో 2021 నుంచి తెలంగాణ డయాగ్నొస్టిక్ హబ్ నడుస్తోంది, రక్తపరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. హోల్టర్ కోసం మాత్రం మేం హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. పెట్టించుకోవడానికి ఒకసారి, విప్పించుకోవడానికి ఒకసారి, అట్లా రెండు విడతలు. కూలి చేసుకునేవాళ్లు అన్నిసార్లు పోగలరా? అరచేతిలో పట్టే ఆ డబ్బాలు కొన్ని దేవరకొండ, మిర్యాలగూడ, నాగార్జునసాగర్ సర్కారు దవాఖానల్లో పేదలకు అందేటట్టు చేయాలని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను. ముప్పై గడుల కాగితం నా బల్ల సొరుగులో ఉంది. చూస్తామంటే నేనే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టర్,
హాలియా ప్రాంతం, నల్లగొండ జిల్లా