ఇరవై ఆరు నిండేలోపు

ఎడిసన్, న్యూజెర్సీ
మార్చి 2026

చిన్నూ,

ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడితే పైపైన చూసి ఒక థమ్స్అప్ కొట్టి వదిలేస్తావు. తెలుగైతే కూడబలుక్కుంటూ ప్రతి ముక్కా చదువుతావు. అందుకే ఈ ఉత్తరం. నిన్ను అన్నేళ్లు మనబడి తెలుగు క్లాసులకు తిప్పిన గ్యాస్ డబ్బులు ఇలా రాబట్టుకుంటున్నాననుకో.

ఏప్రిల్‌లో నీకు 26 నిండుతాయి. నాన్న కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్‌లో ఏప్రిల్ 30 దాకానే నీ పేరు ఉంటుంది. న్యూజెర్సీలో 31 ఏళ్ల వరకు పిల్లల్ని ఉంచుకునే రూల్ ఒకటి ఉంది కానీ, నువ్వు టెక్సాస్‌లో, ఆస్టిన్‌లో మకాం పెట్టావు కాబట్టి అది మనకు వర్తించదు. కోబ్రా అని, కంపెనీ ప్లాన్‌ను సొంత డబ్బుతో కొనసాగించుకునే చట్టం ఉంది, అది తీసుకుంటే ఇదే ప్లాన్ 36 నెలల దాకా నడుస్తుంది. నాన్న ఓటు దానికే. కానీ ఇన్నాళ్లూ కంపెనీ కడుతున్న వాటా కూడా అప్పుడు మనమే కట్టాలి, దాని మీద ఇంకో 2 శాతం. నేను వద్దన్నాను. నీ సంపాదనకు మార్కెట్‌ప్లేస్ ప్లానే, అంటే ప్రభుత్వ సైట్‌లో మనమే ఎంచుకుని కొనుక్కునేదే నయం.

మామూలుగా అయితే నవంబర్‌లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే అందరూ ప్లాన్ కొనుక్కునే సీజన్ వచ్చేదాకా ఆగాలి. ఉన్న కవరేజ్ పోతున్నవాళ్లకు మాత్రం, పోయే తేదీకి 60 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు గడువు ఇస్తారు. ఆ తర్వాతి 60 రోజుల్ని నమ్ముకుని కూర్చోకు. ఏప్రిల్ నెలాఖరులోపు ప్లాన్ ఎంచుకుంటేనే మే 1 నుంచి మొదలవుతుంది. మేలో తీరిగ్గా ఎంచుకుంటే జూన్ దాకా ఏమీ ఉండదు. ఇంకో సంగతి, ప్లాన్ క్లిక్ చేసినంత మాత్రాన పని అయిపోదు. మొదటి నెల ప్రీమియం కడితేనే కవరేజ్ మొదలవుతుంది. ఆటోపే పెట్టానులే అనుకుని ఇక్కడ బోల్తా పడేవాళ్లు చాలామంది.

సైట్ పేరు నువ్వే టైప్ చెయ్యి: హెల్త్‌కేర్ డాట్ గవ్. టెక్సాస్‌కు సొంత సైట్ లేదు, ఇదే. గూగుల్‌లో వెతికితే అచ్చం ఇలాగే ఉండే ప్రకటనలు పైన వస్తాయి. వాటిలో ఫోన్ నంబర్ ఇచ్చావా, ఇక రోజంతా కాల్సే. వాళ్లు అంటగట్టేవాటిలో చాలావరకు అసలు ఇన్సూరెన్సే అనలేం. ఆసుపత్రిలో ఉంటే రోజుకు ఇంత అని చేతిలో పెట్టే రకం, లేదా పాత జబ్బులకు మాకు సంబంధం లేదనే షార్ట్ టర్మ్ రకం. నీకు ఆస్తమా ఉంది. మార్కెట్‌ప్లేస్‌లో ఎవరూ దాన్ని చూపించి కాదనలేరు, ఒక్క డాలర్ ఎక్కువ అడగలేరు. 2014 నుంచి అది చట్టం.

నిన్న విజయవాడ నుంచి మావయ్య ఫోన్ చేసి, "ఇన్సూరెన్స్ ఉండి కూడా మీరు డబ్బులు కట్టడమేంటే అక్కా?" అన్నాడు. పాపం, ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. అక్కడ 5 లక్షల పాలసీ ఉంటే ఆసుపత్రి బిల్లు 5 లక్షల దాకా కంపెనీ చూసుకుంటుంది, ఆపైన మనం అప్పో సప్పో చెయ్యాలి. ఇక్కడ వరస తిరగబడి ఉంటుంది. ముందు డిడక్టిబుల్ అనే మొత్తం దాకా మనం కట్టాలి, తర్వాత కొంతదూరం మనమూ ఇన్సూరెన్స్ కంపెనీ పంచుకుంటాం, ఏడాదికి ఒక హద్దు దాటాక నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర అయ్యే ఖర్చంతా కంపెనీదే, ఎన్ని లక్షల డాలర్లయినా సరే. ఆ హద్దునే అవుటాఫ్‌ పాకెట్ మ్యాక్స్ అంటారు. ఈ ఏడాది చట్టం ఒప్పుకునే గరిష్ఠం 10,000 డాలర్లు దాటింది. అందుకని ప్రతి ప్లాన్‌కూ రెండు లెక్కలు వెయ్యి. ఏమీ కాని ఏడాదిలో ఎంత, అంతా అయిన ఏడాదిలో ఎంత. ప్రీమియం నెలకు 80 డాలర్లు తక్కువని తీసుకుంటే ఏడాదికి మిగిలేది 960. దాని డిడక్టిబుల్ 5,000 ఎక్కువైతే, ఉబ్బసం తిరగబెట్టి ఒక్క రాత్రి ఎమర్జెన్సీలో పడుకుంటే చాలు, ఆ మిగులు ఎటుపోయిందో తెలియదు.

ఇక నా డెస్క్ సంగతి. క్లినిక్‌లో బిల్లింగ్ చూసే నాకు రోజూ ఎదురయ్యే గొడవ డిడక్టిబుల్ కాదు, నెట్‌వర్క్. పేషెంట్ కార్డ్ ఇస్తారు. దాని మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, మేం తీసుకునేదే. కింద ఓ మూల చిన్న అక్షరాల్లో నెట్‌వర్క్ పేరు, అది మాత్రం మాది కాదు. "ఫోన్ చేస్తే తీసుకుంటామన్నారే!" అంటారు. అనే ఉంటాం, ఎందుకంటే వాళ్లు కంపెనీ పేరే అడిగారు. ఒకే కంపెనీకి ఉద్యోగుల ప్లాన్లకు ఒక నెట్‌వర్క్, మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకు దానికంటే చిన్నది ఇంకొకటి ఉంటాయి. ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టర్ ఆఫీసుకు నువ్వు ఫోన్ చేసినప్పుడు ప్లాన్ పూర్తి పేరు, నెట్‌వర్క్ పేరు, మార్కెట్‌ప్లేస్ ప్లాన్ అన్న సంగతి, మూడూ చెప్పి అడుగు. వెబ్‌సైట్‌లో డాక్టర్ పేరు కనిపించిందని ఊరుకోకు. ఆ జాబితాలు ఎంత పాతబడి ఉంటాయో నాకు తెలుసు.

టెక్సాస్‌లో మార్కెట్‌ప్లేస్‌లో దొరికేవి దాదాపు అన్నీ హెచ్ఎంఓ, ఈపీఓ రకాలే. అంటే ఎమర్జెన్సీ తప్పిస్తే నెట్‌వర్క్ బయట పైసా రాదు. కాబట్టి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మన డాక్టర్‌గారికి ఒకసారి చూపిద్దాం అనే నా అలవాటు ఇక చెల్లదు. ఏడాది చెకప్, ఫ్లూ షాట్ అక్కడే చేయించుకో, నెట్‌వర్క్‌లో అయితే అవి ఉచితం.

ఆదాయం అడిగే పేజీ దగ్గర మాత్రం తొందరపడకు, ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ దాన్ని బట్టే. ఎడిటింగ్ పనులకు నీకు వచ్చే మొత్తం కాదు, సాఫ్ట్‌వేర్, కెమెరా అద్దెల్లాంటి ఖర్చులు పోగా మిగిలేది రాయాలి. అదీ మే నుంచి కాదు, 2026 మొత్తానికి అంచనా. ఒంటరివాడికి 15,650 డాలర్లకు తగ్గితే టెక్సాస్‌లో నీ వయసువాళ్లకు సబ్సిడీ లేదు, పేదవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్ కూడా లేదు. 62,600 దాటితే సబ్సిడీ పూర్తిగా పోతుంది. 2021లో పెంచిన సాయం గత డిసెంబర్‌తో అయిపోయి, ఆ పాత గీత మళ్లీ వచ్చింది. తక్కువ చూపించి ఎక్కువ సబ్సిడీ తీసుకుంటే టాక్స్ వేసేటప్పుడు 8962 ఫారంలో లెక్క తేలుతుంది. ఇదివరకు ఆదాయం తక్కువున్నవాళ్లు తిరిగి కట్టేదానికి ఒక పరిమితి ఉండేది, ఈ ఏడాది నుంచి అదీ తీసేశారు. మధ్యలో పెద్ద ప్రాజెక్ట్ తగిలితే ఆ వారమే సైట్‌లో ఆదాయం మార్చు.

ప్లాన్లకు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మెట్లున్నాయి, మామూలుగా పైమెట్టులో వైద్యానికి మనం కట్టేది తక్కువ. ఏది తీసుకోవాలన్నది ఆ ఆదాయం అంకె మీదే ఆధారపడుతుంది. మిగిలేది 31,300 లోపుంటే కళ్లు మూసుకుని సిల్వర్ తీసుకో. ఆ ఆదాయానికి డిడక్టిబుల్, కోపే (డాక్టర్‌కో మందుకో ప్రతిసారీ మన చేతినుంచి కట్టే మొత్తం) తగ్గించి ఇస్తారు, ఆ తగ్గింపు సిల్వర్‌లో తప్ప ఇంకెందులోనూ రాదు. అప్పుడది గోల్డ్ కంటే మెరుగు. దానికంటే ఎక్కువ వస్తుందంటే టెక్సాస్‌లో గోల్డ్ కూడా చూడు. విచిత్రం ఏంటంటే అక్కడ చాలాచోట్ల గోల్డ్ ప్రీమియం సిల్వర్ కంటే తక్కువ. బ్రాంజ్‌కు ఇప్పుడు హెచ్ఎస్ఏ (వైద్యం ఖర్చులకు టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) పెట్టుకోవచ్చని నీ ఫ్రెండ్స్ చెబుతారు, నిజమే. జలుబు కూడా చెయ్యనివాళ్లకు బాగుంటుంది. నెలనెలా ఇన్‌హేలర్ కొనేవాడికి నేను చెప్పను.

మందుల జాబితాలో నీ రెండు ఇన్‌హేలర్లూ పేరు, డోసు సహా వెతుకు. ఒక కంపెనీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మామూలు కోపేతో ఇస్తుంది, ఇంకొకటి అదే మందుకు ముందు డాక్టర్ చేత అనుమతి కాగితం రాయించుకోమంటుంది. ప్లాన్ సారాంశం పీడీఎఫ్‌లో మందుల వరసకు ఎదురుగా "డిడక్టిబుల్ డజ్ నాట్ అప్లై" అని ఉందో లేదో చూడు. ఉంటే మే నెల నుంచే కోపేతో అయిపోతుంది. లేకపోతే డిడక్టిబుల్ తీరేదాకా పూర్తి ధర నీదే.

నీకు నచ్చిన రెండు మూడు ప్లాన్ల పీడీఎఫ్‌లు శనివారంలోగా పంపు, ఆదివారం వీడియో కాల్‌లో కలిసి చూద్దాం. నాన్నను పిలవకు, కోబ్రా అంటూ మొదలుపెడతారు. ఈలోగా ఏప్రిల్ అయిపోకముందే రెండు ఇన్‌హేలర్లకూ పాత కార్డ్ మీద 90 రోజుల రీఫిల్ తీసుకో.

అమ్మ