స్లాబు ఆపమనే మనిషికి ఎంత జీతం ఇస్తున్నాం?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో టౌన్‌ప్లానింగ్ విభాగం మీద వరసగా వార్తలు వస్తున్నాయి. ప్లాన్ ఒకటి కట్టేది ఇంకొకటి అని, అంతస్తుకు ఇంత అని రేటు పెట్టి వసూలు చేస్తున్నారని. రాయాల్సిందే, ఇంకా గట్టిగా రాయండి. కానీ ఆ వార్తల్లో ఎక్కడా ఒక విషయం కనపడలేదు. కడుతున్న ఇంటి దగ్గరికి వెళ్ళి టేపు పట్టి కొలిచే ఆ కింది ఉద్యోగికి ప్రభుత్వం నెలకు ఎంత ఇస్తోంది, ఆ జీతం దేన్నిబట్టి పెరుగుతుంది అన్నది. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర డిప్లొమా చదివిన పిల్లలు చాలామంది 2019లో వార్డు ప్లానింగ్ సెక్రటరీలుగా, అంటే వార్డు సచివాలయం తరఫున కట్టడాలు చూసే ఉద్యోగులుగా చేరారు, ఇప్పటికీ ఇంటికొచ్చి కష్టసుఖాలు చెప్పుకుంటారు. వాళ్ళ తరఫున ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు లెక్కలు చెప్తాను, ఎందుకంటే బయట జనంలో వీళ్ళకు లక్షల్లో జీతాలనే భ్రమ ఉంది. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు వీళ్ళకు ఇచ్చింది నెలకు 15,000 రూపాయలు. రెండేళ్ళ ప్రొబేషన్ అన్నారు. అది 2021 అక్టోబరుకు అయిపోవాలి, కానీ స్కేలు అందింది 2022 జూలై నుంచి. అన్నాళ్ళూ రోజుకు 500 లెక్కన పనిచేశారు, వాళ్ళు తనిఖీకి వెళ్ళిన ఇంటి గోడ కడుతున్న తాపీమేస్త్రీ రోజు కూలి అంతకంటే ఎక్కువ. తర్వాత వచ్చిన స్కేలు 22,460–72,810. అంటే మొదటి బేసిక్ 22,460, దాని మీద అప్పటి డీఏ 20 శాతం, ఇంటద్దె అలవెన్సు చిన్న మున్సిపాలిటీలో 10 శాతం, అన్నీ కలిపితే 29 వేల చిల్లర. అందులోంచి పింఛను పథకమైన సీపీఎస్‌కు బేసిక్, డీఏ మీద 10 శాతం పోతుంది. మిగిలిన కటింగులు వదిలేసినా చేతికొచ్చింది 26 వేల పైచిలుకు. ఇంక్రిమెంట్లు, డీఏలు వచ్చాక ఇప్పుడు కొంత మెరుగే, కాదనను, కానీ ఇంటికి పెద్ద కొడుకైనవాడు పెళ్ళి చేసుకుని టౌన్లో అద్దెకుండి బతకడానికి అది చాలీచాలని జీతమే.

ఇక ఆ జీతం దేన్నిబట్టి మారుతుందో చూడండి. చేరిన తేదీని బట్టి ఏడాదికో ఇంక్రిమెంటు. ధరలను బట్టి డీఏ. ఊరి జనాభాను బట్టి ఇంటద్దె అలవెన్సు, పెద్ద నగరమైతే 16 శాతం దాకా. జీతాలు సవరించే పీఆర్సీ ఎప్పుడేస్తారు, ఫిట్‌మెంట్ అనే పెంపు ఎంత ఇస్తారు అన్నదాన్ని బట్టి, పోయినసారి 23 శాతం ఇచ్చారు. అంతే, ఇంక ఏమీ లేదు. డిప్లొమా చేసినవాడికీ, బీఆర్క్ చేసినవాడికీ, బీప్లానింగ్ చేసినవాడికీ ఒకటే స్కేలు. వార్డులో రెండు పెంకుటిళ్ళు రిపేరు చేసుకునే పాత పేట ఉన్నా, నెలకు ఇరవై స్లాబులు పడే కొత్త కాలనీ ఉన్నా ఒకటే జీతం. పక్క టేబుల్ దగ్గర కూర్చుని దరఖాస్తులు ఆన్‌లైన్లో ఎక్కించే సెక్రటరీకీ ఇదే స్కేలు. ఆ ఉద్యోగిని తక్కువ చేసి మాట్లాడటం లేదు, ఆ పని కూడా జనానికి కావాల్సిందే, కానీ ఆ పనిలో తప్పు జరిగితే కాగితం తిరిగొస్తుంది, ఈ పనిలో తప్పు జరిగితే మనుషులు పోతారు.

2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. బతుకుతెరువు కోసం మన విజయనగరం జిల్లా నుంచి వెళ్ళిన కూలీలు కూడా అందులో ఉన్నారు. 2025 మార్చిలో భద్రాచలంలో పాత కట్టడం మీద అంతస్తులు లేపుతుంటే కుప్పకూలింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మొదట అడిగేది తనిఖీ చేసినవాడు ఎవడు అనే. అడగాలి కూడా. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అక్రమ కట్టడాల మీద ఇచ్చిన తీర్పులో ఎప్పటికప్పుడు తనిఖీ చేసి రికార్డు రాయాలని, తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చిన అధికారుల మీద శాఖాపరమైన చర్యలు తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. మంచి తీర్పు. మరి అంత బాధ్యత ఒక సంతకం మీద పెట్టినప్పుడు ఆ సంతకం పెట్టే ఉద్యోగానికి విడిగా ఒక స్కేలు ఉండక్కర్లేదా?

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. వాళ్ళ వార్డులో జీ ప్లస్ టూకి, అంటే కింద ఒకటి, పైన రెండు అంతస్తులకు ప్లాన్ తీసుకుని పైన మూడో అంతస్తుకు సెంట్రింగ్ కొట్టారు, పక్కన మీటరు వదలాల్సిన చోట రెండడుగులు కూడా లేదు. స్లాబు ఎప్పుడు వేశారంటే ఆదివారం తెల్లవారుజామున. ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, అడ్డగోలు స్లాబులన్నీ రెండో శనివారం, ఆదివారం చూసుకుని పడతాయి, ఆఫీసులు ఉండవు, కోర్టులు ఉండవు. ఆ అమ్మాయి సొంత స్కూటీ మీద వెళ్ళింది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూనే ఉంది, కాంక్రీటు తట్టలు పైకి వెళ్తూనే ఉన్నాయి, ఇంటాయన ఒక్కమాట కూడా మాట్లాడకుండా ఫోన్ కలిపి చేతికిచ్చి "మాట్లాడమ్మా" అన్నాడంట. అవతల ఎవరున్నారో నేను రాయను, మీరూ వేయలేరు. ఆ అమ్మాయి ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఫొటోలు తీసి, నోటీసు గోడకు అంటించి వచ్చింది. సోమవారం పైఆఫీసరు అడిగింది ఒకటే, ముందు నాకెందుకు చెప్పలేదు అని. స్లాబు అలాగే ఉంది. "మాస్టారండీ, ఆపితే ట్రాన్స్‌ఫర్, వదిలేస్తే సస్పెన్షన్, మేమేం చెయ్యాలండీ" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం పెట్రోలు డబ్బులు ఆ అమ్మాయివే. జీతం స్లిప్పు నాకు చూపించింది, రవాణా పేరుతో అందులో ఒక్క రూపాయి లేదు. తిరిగే ఉద్యోగాలకు ఫిక్స్‌డ్ ట్రావెలింగ్ అలవెన్సు అని కొన్ని శాఖల్లో ఎప్పటినుంచో ఉంది, రోజూ సైట్ల మీద తిరిగే వీళ్ళకు ఎందుకు ఉండకూడదో ఎవరైనా చెప్పాలి.

అసలు తిరగడానికైనా టైమ్ ఉండాలిగా. ఒకటో తారీఖు వస్తే పొద్దున్నే పింఛన్లు పంచడానికి ఇంటింటికీ వెళ్ళాలి. ముసలివాళ్ళకు ఇంటి దగ్గరే డబ్బులు అందడం మంచి పని, దాన్ని నేను తప్పుపట్టను. దాని తర్వాత ఏదో ఒక సర్వే, ఈకేవైసీ, మీటింగు, మళ్ళీ సర్వే. పునాది పిల్లర్లకు చువ్వలు ఎంత దూరంలో కట్టారో చూడాల్సిన సివిల్ డిప్లొమా పిల్లవాడు సెల్‌ఫోన్‌లో వేలిముద్రలు పడటం లేదని కూర్చుంటున్నాడు. ఒక్కసారి కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో ఎవరూ చూడలేరండి, ఆ ఒక్కరోజు అక్కడ ఉండాలి.

ఇంకో మాట, చైన్‌మెన్ సంగతి. పెద్ద మున్సిపాలిటీల్లో తెలిసినవాళ్ళకు తెలుసు, ఇల్లు మొదలెట్టగానే మొదట గేటు దగ్గరికి వచ్చేది కొలతల్లో సాయపడే చైన్‌మన్. చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మనిషి, ఉద్యోగానికి భరోసా లేదు, జీతం ఇంకా తక్కువ. బేరం అక్కడే మొదలవుతుందని మీరే ఎన్నోసార్లు రాశారు.

జీతం తక్కువ కాబట్టి లంచం తింటే తప్పులేదు అని నేను అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఏసీబీకి దొరుకుతున్నవాళ్ళలో లక్ష పైన జీతం తీసుకునే పెద్ద ప్లానింగ్ ఆఫీసర్లు కూడా ఉన్నారు, వాళ్ళకు ఏం తక్కువైందని? కక్కుర్తికి జీతంతో సంబంధం లేదు. నేను చెప్పేది నిజాయితీగా ఉండాలనుకునేవాళ్ళ గురించి. సరిగ్గా పనిచేసి ఒక స్లాబు ఆపితే వాడికి వచ్చేది ఏమీ లేదు, పోగా శత్రువులు. చూడనట్టు వెళ్ళిపోతే ఒక్క ఇంటి మీద నెల జీతం వచ్చే ఏర్పాటు బయట సిద్ధంగా ఉంది. పాతికేళ్ళ పిల్లల్ని ఆ మధ్యలో నిలబెట్టి, ఏళ్ళ తరబడి అలాగే వదిలేసి, తర్వాత అందరూ దొంగలే అనడం నాకు చాలా బాధగా ఉంది.

పక్క తెలంగాణలో ఇదే చదువుతో చేరే టౌన్‌ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులు 2022లో 175 ప్రకటించారు, స్కేలు 32,810–96,890. రెండు రాష్ట్రాల పీఆర్సీలు వేరు, హోదాలు కూడా అచ్చంగా ఒకటి కావు, అయినా పదివేల తేడా చిన్నది కాదు. అక్కడ ఇళ్ళ అనుమతులకు టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకూ సొంత ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తున్నారు. మన దగ్గరా అదే దారి పట్టారు. అనుమతికి తిప్పించుకోకపోవడం జనానికి మేలే, కానీ ముందు చూడటం తగ్గిస్తే తర్వాత చూడటం పెరగాలి, అంటే ఈ కింది ఉద్యోగి పని తగ్గలేదు, బరువు పెరిగింది. అమెరికాలో బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ల జీతం ఏడాదికి 70 వేల డాలర్ల పైమాటే అంటారు, డాలర్లను రూపాయలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అక్కడ చాలాచోట్ల కరెంటు పనికి, ప్లంబింగ్‌కి, కట్టడానికి విడివిడిగా పరీక్షలు రాసి సర్టిఫికెట్లు తెచ్చుకుంటే జీతం పెరుగుతుంది. ఆ పద్ధతి మనం తీసుకోవచ్చు. ఎంత నేర్చుకున్నా ఒకటే జీతమైతే ఎవడు నేర్చుకుంటాడు?

కొందరు ఇంకో సలహా ఇస్తున్నారు, అక్రమ కట్టడాల మీద వేసే జరిమానాలో ఉద్యోగికి వాటా ఇవ్వమని. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. వాటా కోసం అరడుగు తేడాకి పేదవాడి ఇంటి మీద పడతారు, పెద్ద అపార్ట్‌మెంటు జోలికి అప్పుడూ వెళ్ళరు.

కావలసినవి పెద్ద కోరికలు కావు. భవన తనిఖీని సాంకేతిక ఉద్యోగంగా గుర్తించి విడిగా స్కేలు ఇవ్వాలి, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి, ఎక్కువ చదివినవాళ్ళకు, పరీక్ష పాసైనవాళ్ళకు అదనపు ఇంక్రిమెంటు ఉండాలి. నోటీసు ఇచ్చినందుకు కోర్టుకు లాగితే లాయరు ఖర్చు మున్సిపాలిటీ పెట్టుకోవాలి. ఫొటోతో, తేదీతో నోటీసు ఇచ్చిన ఉద్యోగిని ఆ కేసు తేలేదాకా ఆ వార్డు నుంచి కదపకూడదు. అన్నిటికన్నా నాకు ఇది ముఖ్యం అనిపిస్తుంది, దీనికి ఖజానా నుంచి పైసా కూడా అక్కర్లేదు.

2023 జూలై నుంచి రావలసిన 12వ పీఆర్సీ కోసం ఉద్యోగులంతా ఎదురుచూస్తున్నారు. సంఘాల నాయకులు ఫిట్‌మెంట్ శాతం గురించి మాత్రమే కాకుండా ఈ స్కేలు గురించి కూడా రాసివ్వాలి. మీరు కూడా ఈసారి టౌన్‌ప్లానింగ్ మీద వార్త వేసేటప్పుడు ఒక్క ప్రశ్న మున్సిపల్ శాఖను అడగండి, వార్డు ప్లానింగ్ సెక్రటరీ నెలలో ఎన్ని రోజులు కట్టడాల దగ్గర ఉంటున్నాడు, ఎన్ని రోజులు మిగతా పనుల్లో ఉంటున్నాడు అని. వాళ్ళు ఏం చెప్తే అది అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
కాకినాడ