చిత్రకళా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రాథమిక పాఠశాల పిల్లలకు స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి గీయడం), రంగుల మేళవింపు నేర్పాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఏడాది పొడవునా ఒక్క వారం కూడా తరగతి ఆగలేదు. ఇది కొద్దిమంది వాలంటీర్ల పట్టుదల వల్లే సాధ్యమైంది. వారికి ముందుగా కృతజ్ఞతలు.

బల్ల మీద కప్పు పెట్టి గీయమంటే దాదాపు పిల్లలందరూ మూతిని నిండు గుండ్రంగా, అడుగును తిన్నని గీతగా వేశారు. మూతి గుండ్రమని వాళ్లకు తెలుసు కాబట్టి తెలిసిందే గీశారు, కనిపించింది గీయలేదు. తప్పని చెప్పకుండా, కళ్లు కప్పు మూతికి సమానంగా వచ్చేలా మోకాళ్ల మీద కూర్చోబెట్టాం. గుండ్రం కాస్తా సన్నని గీతైపోయింది. మెల్లగా లేస్తుంటే కోలగా విచ్చుకుంది. ఇక ఆ పూట ఎవరూ మళ్లీ బొమ్మ గీయలేదు, లేస్తూ కూర్చుంటూ చూస్తూనే ఉన్నారు. ఏడాది మొత్తంలో అదే మంచి క్లాసని నా అభిప్రాయం.

రంగుల్లో ఎరుపు, పసుపు, నీలం మాత్రమే ఇచ్చి మిగతావి కలుపుకోమన్నాం. న్యూటన్ 1704లో అచ్చువేసిన రంగుల చక్రం (రంగులను వరుసగా గుండ్రంగా అమర్చిన పటం) గురించి రెండు మాటలు చెప్పి, ఎవరి చక్రం వాళ్లతో వేయించాం. ఊదా దగ్గర అందరికీ టెన్షన్ పట్టుకుంది. నారింజ వైపు మొగ్గే ఎరుపులో పసుపు ఛాయ ఉంటుంది, నీలం కలిపితే మట్టిరంగే వస్తుంది. గులాబీ వైపు మొగ్గే ఎరుపు తెచ్చాక గానీ ఊదా తేటగా రాలేదు. వచ్చే ఏడాది రెండు రకాల ఎరుపూ కొనాలి.

నిమ్మకాయ వేస్తున్న ఒక రెండో తరగతి పాప నీడవైపు నలుపు కలిపింది. పసుపు ఆకుపచ్చకు తిరిగేసరికి రంగు పాడైందని ఏడుపు ముఖం పెట్టింది. చక్రంలో పసుపుకు ఎదురుగా ఏముందో చూడమన్నాం. కుంచె కొనతో రవ్వంత ఊదా కలిపింది. నిమ్మకాయ కాగితం మీంచి లేచినట్టు గుండ్రంగా తేలింది.

పిల్లల చిత్రాల ప్రదర్శన మన సంఘానికే గర్వకారణం. ప్రతి చిత్రం పక్కన అందులోని వస్తువునే పెట్టాం. హాలు కోసం పెట్టుకున్న అర్జీకి అధికారుల నుంచి సమయానికి జవాబు రాలేదు, వరండాలోనే జరపాల్సి వచ్చింది. అక్కడ వెలుతురు కుడి నుంచి పడుతుంటే, "మా బొమ్మల్లో నీడలు కుడివైపున్నాయి, ఇక్కడ ఎడమకు పడుతున్నాయి" అని పిల్లలే కనిపెట్టారు. అట్టలు అడ్డుపెట్టి, ఎడమవైపు టేబుల్ లైటు తెచ్చి సరిచేశారు. మా నిమ్మకాయ పాప వచ్చిన పెద్దలందరితో "నీడంటే నలుపు కాదండీ, దగ్గరకొచ్చి చూడండి" అంటూ సాయంత్రం దాకా నిలబడింది.

వస్తువులు అరువిచ్చిన తల్లిదండ్రులకు, గదులిచ్చిన ప్రధానోపాధ్యాయులకు, గిన్నెలూ కుంచెలూ కడిగిపెట్టిన సహాయకులకు ధన్యవాదాలు.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది. కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు.

ఒక బాధ చెప్పక తప్పదు. వాలంటీర్లుగా పేర్లు రాయించుకున్నవారిలో చాలామంది రెండో వారం నుంచి రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. స్టిల్ లైఫ్‌లో ఏ బిడ్డ కూర్చున్న చోటు నుంచి ఆ బిడ్డకు వస్తువు వేరుగా కనిపిస్తుంది. పక్కన వంగి ఆ కళ్లతో చూస్తేనే దిద్దగలం. ఒక్కరే రెండు గదులు చూసుకుంటే అది కుదిరే పని కాదు. ఈసారి వారం వారం రాగలిగినవారే పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి