జీను సంగతి, ఇంకొన్ని కబుర్లు

చిట్టితల్లీ,

ఎలా ఉన్నావు? మేమంతా బాగున్నాం. కాలవలకు నీళ్ళొదిలారు, మీ నాన్న పొద్దున పొలానికి వెళ్తే మళ్ళీ అన్నానికే రావడం. మొన్న రాజోలు పిన్ని వచ్చి, నీ స్టేటస్‌లో కాలికి కట్టు కనబడిందనీ, వెంటనే తీసేశావనీ అంది. దాని మాటలు తెలిసినవే కదా, నేను పట్టించుకోలేదు.

గుర్రపుస్వారీ మానెయ్యమని చెప్పను, పాలకొల్లులో జట్కా తోలిన మనిషి మనవరాలివి. కానీ జీను కుర్రాడు కట్టేశాడులే అని ఎక్కెయ్యకు. నువ్వు కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి, వెన్నెముక మీద ఆనకూడదు, ఆఖరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు. పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు ఊపిరి బిగబడతాయి, కాస్త నడిపించి మళ్ళీ బిగించాలి, లేదంటే ఎక్కబోతుండగానే జీను పక్కకి తిరిగిపోతుంది. నువ్వు అలాగే పడ్డావా?

తాతయ్య ఎర్రగుర్రం గురించి చెప్పానా? మాఘమాసం ముహూర్తాల్లో ఆయనకి జ్వరమొస్తే మామయ్య బండి కట్టాడు. జీను కింద గుడ్డ ముడతపడింది చూసుకోలేదు, సాయంత్రానికి వీపు మీద రూపాయి బిళ్ళంత పుండు. ఇక ఆ పెళ్ళిళ్ళ రోజులన్నీ తాతయ్య బండే కట్టలేదు. నరసాపురం దాకా ఒక్కసారి చాలు, బాడుగ రెట్టింపు ఇస్తామని పెళ్ళివారు గుమ్మంలో కూర్చున్నారు, ఇంట్లో బియ్యం నిండుకుని అమ్మమ్మ తలుపు చాటు నుంచి ఒకటే సైగలు, ఆయన ఉలకలేదు పలకలేదు. పుండు మానాక అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలిచాయి, ఆ మచ్చ ఇక పోలేదు. మీ గుర్రం వీపు మీద కూడా అలాంటివి ఉన్నాయేమో చూడు. స్వారీ అయ్యాక వీపంతా చెమటపట్టి ఒక్కచోట పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతోందేమో అడుగు. నొప్పెడితే ఎగరక ఏం చేస్తుంది, నోరా పాడా.

కళ్ళెం నోటి మూలల్లో ఒకటి రెండు ముడతలు పడేలా ఉండాలి, అంతకంటే లాగకూడదు. పాదం పెట్టే రికాబు బూటు కంటే ఓ అంగుళం వెడల్పుండాలి, ఇరుకైతే పడ్డప్పుడు కాలు ఊడిరాదు, మరీ వెడల్పైతే పాదం లోపలికి జారిపోతుంది. జట్కాకి రికాబులుండవు, ఇది నిద్రపట్టక ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నా. మడమ లేని చెప్పులతో ఎక్కకు. హెల్మెట్ బకిల్ పెట్టుకో. ఇంతకీ ఏ కాలు?

ఆదివారం మామయ్య ఆత్రేయపురం పూతరేకులు తీసుకుని వస్తున్నాడు. గుర్రాన్నీ జీనునీ చూడకుండా కదలనంటున్నాడు, మీ సార్‌కి ముందే చెప్పిపెట్టు.

అమ్మ