తల మీద చల్లుకునే పొడి గురించి కిరణ్‌కు

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి కిరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఫోన్‌లో ఈ మాట ఎత్తితే "మీటింగ్ ఉంది నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కొండాపూర్‌కి ఉత్తరమేంటని నవ్వుకున్నా సరే, పూర్తిగా చదువు.

పలచబడ్డ జుట్టు నిండుగా కనిపించాలని తల మీద చల్లుకుంటున్నావే, ఆ హెయిర్ ఫైబర్స్ పొడి రోజూ వేసుకుంటే ఉన్న జుట్టు కూడా ఊడిపోతుందా అని అమ్మను అడిగావట. ఊడదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపల, కుదుట్లో. ఈ పొడి ఉన్న వెంట్రుకలకు పైపైన అంటుకుని ఉంటుంది, అంతే. ఆ టెన్షన్ వదిలెయ్. నా బెంగ వేరు, దాని సంగతి తర్వాత చెప్తాను.

నువ్వు పండక్కి వచ్చి వెళ్లాక వాష్‌బేసిన్ అంచున నల్లటి నుసి కనిపించింది. అమ్మ మసి అనుకుంది. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకుంటానా? తెల్ల కాగితం మీదకు తీసి భూతద్దం పెట్టి చూశాను. గుండ్రటి రేణువులు కావు, కత్తిరించిన వెంట్రుకల్లా పొట్టి పొట్టి పుల్లలు. నువ్వు అలమరలో మర్చిపోయిన డబ్బా మీద కెరాటిన్ అని ఉంది. మన వెంట్రుకల్లో, గోళ్లలో ఉండేది ఆ ప్రోటీనే. ఈ డబ్బాల్లోకి ఎక్కువగా గొర్రె ఉన్ని నుంచి తీసి, రంగు వేసి నింపుతారు. పత్తితో చేసేవీ ఉన్నాయి. ఇక తలకు అంటుకోవడం స్థిర విద్యుత్తు వల్ల. చిన్నప్పుడు తల దువ్వి, ఆ దువ్వెనతో కాగితం ముక్కలు లేపి మురిసిపోయేవాడివే, అదే సూత్రం. తడి తగిలితే ఆ విద్యుత్తు కాస్తా కారిపోతుంది. మన మే నెల చెమటకీ జూలై వానకీ అది నిలవదనే పైన కొట్టుకోవడానికి ఇంకో స్ప్రే అంటగడతారు. దురద, దద్దుర్లు వస్తే నేను ముందు అనుమానించేది ఆ స్ప్రేనే. సువాసన కోసం కలిపేవీ, నిల్వ ఉండటానికి కలిపేవీ కొందరి చర్మానికి పడవు. పొడిలో వేసే రంగు పడనివాళ్లూ ఉంటారు. బ్రాండ్ మార్చినప్పుడల్లా ముందు కొంచెం చెవి వెనక రాసి రెండు రోజులు చూడు.

రాత్రి తల కడుక్కోకుండా పడుకోవడం మాత్రం మానెయ్. నీ దిండు గలీబు చూసే చెబుతున్నా. పొడి, చెమట, నూనె, హెల్మెట్‌లో పట్టిన దుమ్ము అన్నీ కలిసి మాడు మీద పేరుకుంటే చుండ్రు, దురద, చీము పొక్కులు వస్తాయి. అప్పుడు గోళ్లతో గీకుతావు, అసలే సన్నబడ్డ వెంట్రుకలు తెగుతాయి. సాధారణ షాంపూ చాలు, వేళ్ల చివర్లతో మెల్లగా రుద్దు. రోజూ షాంపూ పెడితే జుట్టు పోతుందని మీ అత్తయ్య అంటుంది. కడిగేటప్పుడు చేతికి వచ్చేవి ఎలాగూ రాలడానికి సిద్ధంగా ఉన్నవే. రోజుకి 50 నుంచి 100 దాకా అందరికీ రాలతాయి. మీ హాస్టల్ బోరు నీళ్లకి నురగ రాదు నిజమే, జుట్టు గరుకెక్కుతుంది కూడా. కానీ నుదుటి మూలలు ఖాళీ అవడానికి బోరు నీళ్లను తిట్టి లాభం లేదు. హెల్మెట్‌నీ తిట్టకు, మానకు. లోపలి గుడ్డ ఉతుక్కో చాలు.

ఇంకోటి. నీకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, గుర్తుందా? డబ్బా తలకిందులు చేసి కొట్టేటప్పుడు ఆ నుసి సగం గాల్లోకే లేస్తుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ తీసి, కళ్లు మూసుకుని, ముక్కూ నోరూ కప్పుకుని చల్లుకో. స్ప్రే కొట్టేటప్పుడూ అంతే. దగ్గు గానీ పిల్లికూతలు గానీ మొదలైతే ఆ డబ్బా పారెయ్యాల్సిందే.

ఇప్పుడు నా బెంగ. పొద్దున్నే చల్లుకుని అద్దంలో నిండుగా కనిపించేసరికి, నువ్వు నీ అసలు తల చూసుకోవడమే మానేశావు. డెంగ్యూ వల్ల ఊడింది, అదే వస్తుందిలే అంటున్నావట. జ్వరం తర్వాత ఊడేది రెండు మూడు నెలలకు మొదలై తలంతా ఊడుతుంది, కొన్ని నెలల్లో తనంతట తనే సర్దుకుంటుంది. నీది అలా లేదు. నుదుటికి రెండు పక్కలా, నడినెత్తినా పలచబడుతోంది, అదీ డెంగ్యూకి ముందు నుంచే. ఆ దారి నాకు బాగా తెలుసు, నేనూ మీ పెదనాన్నా నడిచిందే. మేనమామ పోలికైతే బాగుండేదని అమ్మ అంటుంది గానీ, ఈ బట్టతల అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వస్తుంది. డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో కుదుళ్లు క్రమంగా చిన్నవై, ప్రతి విడతకీ వెంట్రుక ఇంకాస్త సన్నగా వస్తుంది. మందులు పనిచేసేది ఇంకా ప్రాణమున్న కుదుళ్ల మీదే. నువ్వు పొడి చాటున రెండేళ్లు గడిపేస్తే ఆ రెండేళ్లూ పోయినట్టే.

మినాక్సిడిల్ అని ఒకటుంది. మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతుంటే గమనించి తలకి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు, చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చినదీ పోతుంది. 1997లో జుట్టు రాలడానికి ఫినాస్టెరైడ్ మాత్రకీ అక్కడ అనుమతి వచ్చింది గానీ దాని దుష్ఫలితాలు డాక్టర్‌తో మాట్లాడి తెలుసుకోకుండా మింగొద్దు. మందు రాస్తే అది పూర్తిగా ఆరాకే పొడి. పొడి మీద మందు పోస్తే చర్మానికి చేరదు. మీ రూమ్మేట్ పిల్లిని పెంచుతున్నాడు కదా, ఈ మందు పిల్లులకి విషం. నీ తలగానీ దిండుగానీ నాకనివ్వకు.

ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించు. పొడి లేకుండా, శుభ్రంగా కడుక్కుని వెళ్లు. వేసుకుని వెళ్తే డాక్టర్ చూసేది గొర్రె ఉన్నిని. క్లినిక్ పేరుతో నెలల ప్యాకేజీ ముందే కట్టించుకునేవాళ్ల జోలికి వెళ్లకు.

పెళ్లిచూపుల దాకా ఎవరికీ చెప్పొద్దని అమ్మ పట్టుదల. నాకు నచ్చలేదు. ఫోటోకి వేసుకో, ఆఫీసుకి వేసుకో, అది నీ ఇష్టం, పౌడర్ రాసుకోవడం లాంటిదే. ఆ పిల్లతో ఒక్కడివే మాట్లాడేటప్పుడు మాత్రం చెప్పెయ్. నా పెళ్లినాటికే నాకు సగం పోయింది, మీ తాతయ్య చూసి కూడా పిల్లనిచ్చాడు.

అమ్మ ఉసిరి నూనె పంపిస్తోంది. వద్దనకు. రాసుకున్న రోజు మాత్రం పొడి చల్లుకోకు, ముద్దలు కట్టి తల బూజు పట్టినట్టు కనిపిస్తుంది.

మీ నాన్న