లక్ష కట్టడమే కాదు, 'గడువు తగ్గించండి' అనీ రాసివ్వాలి

సంపాదకుల వారికి,

ఇంటి అప్పు మీద వాయిదాకు మించి కడితే వడ్డీ కలిసొస్తుందని అందరికీ తెలుసు. కట్టిన రోజు ఏం రాసిచ్చారన్న దాన్ని బట్టి ఆ లాభం దాదాపు నాలుగు రెట్లు అటూ ఇటూ అవుతుందని మాత్రం చాలామందికి ఎవరూ చెప్పడం లేదు.

30 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా 26,992. గడువంతా కడితే వడ్డీయే 34 లక్షల 78 వేలు. ఏడాది వాయిదాలు అయ్యాక ఒక లక్ష అదనంగా జమ చేశారనుకోండి. వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించమంటే చివరి 19 వాయిదాలు ఎగిరిపోతాయి, వడ్డీలో సుమారు 4 లక్షల 13 వేలు మిగులుతాయి. గడువు కదపకుండా వాయిదా తగ్గిస్తే నెలకు 917 తగ్గుతుంది. చివరికి మిగిలేది లక్షా 9 వేలే! నెల గడవడమే కష్టంగా ఉన్నవారికి రెండోది అవసరం కావచ్చు, కాదనను. మిగతావాళ్లు మొదటిదే అడగాలి, అదీ రాతపూర్వకంగా.

ఇంతకంటే నష్టం చేసే పొరపాటు ఇంకొకటుంది. ఏమీ చెప్పకుండా ఖాతాలో వేసిన సొమ్మును ముందస్తు వాయిదాగా లెక్కగట్టి పక్కన పెట్టే అవకాశం ఉంది. అప్పుడు అసలు సొమ్ములో ఏమీ తగ్గదు, వచ్చే నెల వాయిదా అందులోంచి పోతుందంతే. పాత బకాయిలో జరిమానాలో ఉంటే ముందు వాటికే జమ చేసుకుంటారు. కాబట్టి 'ఈ మొత్తం అసలుకే జమ చేయాలి' అన్న మాట కూడా దరఖాస్తులో ఉండాలి.

తొందరగా కట్టడం ఎందుకు ముఖ్యమో మొదటి వాయిదాను విడదీసి చూస్తే అర్థమవుతుంది. ఆ 26,992లో 22,500 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 4,492. రెండో నెలలో అసలు వాటా 4,526. మొదటి వాయిదాతో పాటే ఆ 4,526 కూడా కట్టేస్తే చెల్లింపుల పట్టికలో రెండో నెల వరుసను దాటేసినట్టే. అందులోని 22,466 వడ్డీ ఇక పుట్టదు. అదే 15 ఏళ్లు గడిచాక లక్ష కడితే మిగిలేది సుమారు 54 వేలు మాత్రమే. పెద్ద మొత్తం చేతికొచ్చేదాకా ఆగేవారు ఈ లెక్క గమనించాలి. మొదటి నెల నుంచి నెలకు 3,000 చొప్పున ఎక్కువ కట్టినా అప్పు 186 నెలల్లో, అంటే పదిహేనున్నర ఏళ్లలో తీరిపోతుంది, 9 లక్షల పైచిలుకు వడ్డీ తప్పుతుంది.

వడ్డీని ఎప్పటి నిల్వ (మిగిలిన అప్పు) మీద లెక్కగడుతున్నారో అడగండి. రోజువారీ నిల్వ మీదైతే కట్టిన మర్నాటి నుంచే లాభం. నెలవారీ అయితే లెక్కగట్టే తేదీకి ముందే కట్టాలి. ఏడాదికోసారి నిల్వ సవరించే ఒప్పందమైతే మధ్యలో కట్టినా ఆ ఏడాది చివరిదాకా ఫలితం కనిపించదు. స్థిర వడ్డీ అప్పులకు ముందస్తు చెల్లింపు రుసుము, ఏడాదికి ఇంతకు మించి కట్టకూడదన్న పరిమితి ఉండొచ్చు. ఒప్పందం చదివాకే డబ్బు కదపండి.

క్రెడిట్ కార్డు బాకీ లాంటి ఎక్కువ వడ్డీ అప్పులుంటే ముందు అవి తీర్చాలి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్మూ చేతిలో ఉంచుకోవాలి. ఇంటి అప్పులో వేసింది అవసరానికి తిరిగి ఇమ్మంటే చాలా అప్పుల్లో రాదు.

మారే వడ్డీ అప్పుల్లో మరో సంగతి. రేటు పెరిగినప్పుడు వాయిదా మార్చకుండా గడువు పొడిగిస్తే, అదనంగా కట్టి తగ్గించుకున్న నెలలు చడీచప్పుడు లేకుండా తిరిగొస్తాయి. రేటు తగ్గినప్పుడు పాత వాయిదానే కొనసాగించమని అడగండి, గడువు దానంతటదే కుదించుకుపోతుంది.

కట్టిన వారం పది రోజుల్లో కొత్త చెల్లింపుల పట్టిక తీసుకుని మూడు అంకెలు సరిచూసుకోవాలి: మిగిలిన అసలు, వాయిదా, చివరి వాయిదా నెల. గడువు తగ్గించమన్నా ఆ నెల మునుపటికంటే ముందే రాకపోతే వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ఆలస్యమైతే మధ్యలో పడిన వడ్డీని వెనక్కి తిప్పించడం కష్టం.

అప్పులిచ్చే సంస్థలకు నా విన్నపం ఒక్కటే. అదనపు చెల్లింపు ఫారంలో 'గడువు తగ్గించాలా, వాయిదా తగ్గించాలా' అన్న ప్రశ్న పెట్టి, రెండింటి పక్కనా మిగిలే వడ్డీ ఎంతో ముద్రించి ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు