తలుపు వెడల్పు కొలిచి చెప్పు

నల్లకుంట,
ఆదివారం సాయంత్రం

బంగారూ,

ఇంట్లోంచే పని చేసుకోవడానికి నువ్వు గీసి వాట్సాప్‌లో పంపిన గది ప్లాను చూశాను. మీ నాన్న ఫోను అటు తిప్పి ఇటు తిప్పి, పెద్దది చేసి చూసి, "ప్లగ్గు పాయింట్లు ఎక్కడే?" అన్నారు. నాకూ అదే అనుమానం వచ్చింది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ గీసేదానివి, నీకు గది గురించి నేను చెప్పడమేంటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. గది గీయడం నీకొచ్చు, ఇంట్లో కూర్చుని ఇరవై రెండేళ్ళు జనం ఇన్‌కం టాక్స్ లెక్కలు చూడటం నాకొచ్చు. ఫోన్‌లో చెబుదామంటే సగంలో నీ పాప లాక్కుంటుంది, అందుకే రాస్తున్నా.

మొదట కిటికీ. నీ ప్లానులో టేబుల్ కిటికీకి ఎదురుగా పెట్టావు, చూపుకి బాగుంటుందని కాబోలు. అది పడమటి కిటికీ. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఎండ నేరుగా నీ మొహాన కొడుతుంది. అప్పుడు కర్టెన్ వేస్తావు, కర్టెన్ వేశాక లైటు వేస్తావు, ఇక కిటికీ ఉండీ ఏం లాభం? పోనీ కిటికీని వెనక్కి పెట్టుకుంటే వెలుగంతా స్క్రీన్ మీద పడి నీ మొహం నీకే కనిపిస్తుంది. ఎడమ పక్కకు రానివ్వు. స్కెచ్చులు కుడిచేత్తోనే కదా వేస్తావు, చేతి నీడ కాగితం మీద పడదు. మా చిన్నప్పుడు బళ్ళో బెంచీలు అలాగే వేసేవాళ్ళు.

ఇక టేబుల్. జాంబాగ్‌లో బేరమాడి కొన్న మన టేకు టేబుల్ నీకు తెలుసుగా, అది 30 అంగుళాల ఎత్తుండేది. నేనేమో అయిదడుగుల మనిషిని. భుజాలు పైకెత్తుకుని రోజంతా టైప్ చేస్తే సాయంత్రానికి మెడ పట్టేసేది. వయసు మీద పడుతోంది కాబోలనుకుని ఆరేళ్ళు బామ్ రాసుకున్నాను. ఒకసారి బాత్రూం తలుపు సరిచేయడానికొచ్చిన వడ్రంగి, డబ్బులిచ్చేదాకా గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూసి, "అమ్మా, మీకు ఈ టేబుల్ ఎత్తైందండీ" అన్నాడు. అప్పటికప్పుడు బోర్లా తిప్పి నాలుగు కాళ్ళూ రెండేసి అంగుళాలు కోసేశాడు. కూలి కూడా తీసుకోలేదు. నెల తిరక్కుండా మెడనొప్పి తగ్గింది. కోసిన ముక్కలు నాలుగూ పెరట్లో గులాబీ కుండీ కింద పెట్టాను, ఇన్నేళ్ళూ అక్కడే ఉన్నాయి.

కాబట్టి టేబుల్ ఏదైనా సరే, ముందు కుర్చీలో కూర్చుని భుజాలు వదిలేయ్. మోచేతులు ఎక్కడికొస్తే టేబుల్ ఎత్తు అక్కడికుండాలి. పాదాలు నేలకు ఆనకపోతే పీట వేసుకో. లాప్‌టాప్ మీదికి మెడ వంచుకుని కూర్చోకు, దాన్ని పైకి లేపి కీబోర్డు విడిగా పెట్టుకో. స్క్రీన్ పైఅంచు కళ్ళకు సమంగా, చేయి చాపినంత దూరంలో ఉంటే చాలు. అందుకని స్టాండులూ గీండులూ కొననక్కర్లేదు, నేను పాత ఇన్‌కం టాక్స్ పుస్తకాలు రెండు పెట్టాను. బడ్జెట్ వచ్చినప్పుడల్లా పాతబడిపోయేవి, ఆ రకంగానైనా పనికొచ్చాయి.

కుర్చీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పన్ను ఆదా అవుతుందనీ కొనొద్దు. మీ ఆర్కిటెక్టులకు ఏడాది ఫీజులు 50 లక్షల లోపుంటే, అందులో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టే పద్ధతి ఉంది. నేను పని చేసిన రోజుల్లో దాన్ని సెక్షన్ నంబరుతో 44ఏడీఏ అని పిలిచేవాళ్ళం. ఆ దారిలో వెళ్తే మిగతా సగం ఖర్చుల కిందికి పోయినట్టే, కుర్చీ బిల్లు మళ్ళీ విడిగా చూపించడానికి కుదరదు. నడుము కోసం కొను. ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మేసే కుర్చీలు దొరికితే కూర్చుని చూసి తీసుకో. పాతదైనా వీపుకి సరిగ్గా ఆనాలి, ఎత్తు మారాలి. మానిటర్‌కైతే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి నాలుగు షాపులు తిరుగు. ఫోన్‌లో చూసి కొంటే రంగులు ఎలా కనిపిస్తాయో తెలీదు, నీ పనికి రంగులు ముఖ్యం కదా.

ఇప్పుడు ప్లగ్గుల సంగతి. లాప్‌టాప్, మానిటర్, టేబుల్ లాంపు, రూటర్, ఫోన్ చార్జర్, హార్డ్ డిస్క్. ఆరయ్యాయి, ప్రింటర్ కలిపితే ఏడు. నీ ప్లానులో ఒక్కటీ లేదు. సొంత ఫ్లాటే కాబట్టి గోడకు రంగు వేయించకముందే టేబుల్ పైన చేతికందే ఎత్తులో పాయింట్లు పెట్టించు. టేబుల్ వెనక పెట్టిస్తే ప్లగ్గు పెట్టాల్సిన ప్రతిసారీ వంగి దూరాలి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకోటి తగిలించి, దానికి మరోటి తగిలించడం మాత్రం చేయకు. సామాను ట్రూప్ బజార్‌లో తీసుకో, ఐఎస్ఐ మార్కు చూడు, ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించు. ఏసీకి వేరే లైను.

కరెంటు పోతే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, ఆ జూలై 31 రాత్రి నువ్వూ ఉన్నావు. తొమ్మిదో తరగతనుకుంటా. ఇంకా పదకొండు మందివి రిటర్నులు వేయాలి, బయట వాన, ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పని చేసుకుంటూ, ఎవరిదో కాగితం కావాలని లేజర్ ప్రింటర్ ఆన్ చేశాను. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఐదారు వందల వాట్లకు పైనే లాగుతుందని నాకేం తెలుసు? ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోయింది, ఇల్లంతా చీకటి. ఎలాగోలా కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేస్తే ఇంటర్నెట్ లేదు. మోడెమ్‌ని ఇన్వర్టర్ లైనుకి కలపనే లేదని అప్పుడు తెలిసింది! మీ నాన్న సీపీయూని దుప్పట్లో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకున్నారు, నేను వెనక గొడుగు పట్టుకున్నాను, ఆ వానలో బర్కత్‌పురలో ఆయన స్నేహితుడి ఇంటికి వెళ్ళాం. ఆఖరి రిటర్ను వెళ్ళేసరికి పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. ఆ ఇంటావిడ మాకు ఉప్మా చేసి పెట్టింది. మర్నాడు దుప్పటి ఉతుకుతూ మీ నాన్న ఒక్కమాట అన్లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మీ అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉందంటావు. ఉంది, కానీ అది అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలో రూటర్ ఆగి, మళ్ళీ లేచి సర్దుకునేసరికి రెండు మూడు నిమిషాలు. అవతల క్లయింటు నీ బొమ్మ స్తంభించిపోయిన స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. రూటర్‌కి చిన్న యూపీఎస్‌లు వస్తున్నాయి, అరచేతిలో పట్టేంతవి, ఒకటి పెట్టు. రూటర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి అదే కొను. ఇన్వర్టర్ కూడా పెట్టుకుంటానంటే లెక్క ఇదీ: నీ లాప్‌టాప్ పెద్దది కాబట్టి 130 వాట్లనుకో, మానిటర్ 25, ట్యూబ్‌లైటు 20, రూటర్ 10, తక్కువ కరెంటు తినే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానైతే 30. మొత్తం 215. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే 12 వోల్టులతో హెచ్చిస్తే 1800 వాట్ అవర్లు, కానీ అంతా చేతికి రాదు, నష్టాలు పోను 1200 అనుకుంటే అయిదు గంటలు పైచిలుకు నడుస్తుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దాని దరిదాపులకు రానివ్వకు. పెద్ద షీట్లు ఎలాగూ బయటే ప్రింటు తీయించాలి, ప్లాటర్ కొనే ఆలోచన ఏమైనా ఉంటే మానుకో.

రూటర్ హాల్లో ఉందన్నావు. ఆ గదికి మధ్యలో రెండు కాంక్రీటు గోడలు అడ్డం, వైఫై నీరసించి వస్తుంది. ఎలాగూ గోడలు తవ్విస్తావు కాబట్టి రూటర్ నుంచి నేరుగా ఇంటర్నెట్ వచ్చే లాన్ కేబుల్ ఒకటి కూడా లాగించెయ్. ఇంటర్నెట్టే పోతే వాడుకోవడానికి ఫోన్‌లో ఇంకో కంపెనీ సిమ్ ఉంచుకో.

ఇదంతా డబ్బు పెడితే అయ్యేది. అసలు చెప్పాలనుకున్నది వేరే.

నీ ప్లానులో గది మొత్తం నీ ఆఫీసే. మొన్న మేమొచ్చినప్పుడు ఆ గదిలో పాప వంటింటి బొమ్మలూ, మూడు చక్రాల సైకిలూ, కిటికీ కింద దాని బొమ్మల పెళ్ళి పందిరీ ఉన్నాయి. అవెక్కడికి పోతాయి? గీయలేదు నువ్వు. మేమొస్తే పడుకునే మంచం కూడా లేదు, అది సరే, మేం హాల్లో పడుకుంటాం.

మనింట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. ముందుగదిలో నా టేబుల్ వేశాం. జూలై వచ్చేసరికి జనం హాల్లోకి, అక్కణ్నుంచి వరండాలోకి. సోఫా వాళ్ళది, పేపరు వాళ్ళది. మీ నాన్న కాఫీ వంటింట్లో నిలబడి తాగేవారు, స్టవ్ పక్క గట్టు మీద పేపరు పరుచుకుని. ఒక రోజో రెండు రోజులో కాదు, ఏటా నెలన్నర. టీవీలో మాటలు వినపడకుండా బొమ్మలు మాత్రం చూసేవాళ్ళు పిల్లలు మీరిద్దరూ. నువ్వేమో మేడ మెట్ల మీద కూర్చుని బొమ్మలు గీసుకునేదానివి. నువ్వు ఆర్కిటెక్టువి అవుతావని నాకు అప్పుడే తెలుసని చుట్టాలందరి దగ్గరా గొప్పలు పోతుంటాను. నిజానికి నీకు హాల్లో చోటు లేక మెట్ల మీద కూర్చున్నావు. నేను నెలకి ఇంత సంపాదించానని లెక్క రాసుకున్నాను గానీ, ఆ హాలుకి మీ ముగ్గురూ కట్టిన అద్దె ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఆ తర్వాతెప్పుడో గేటుకి బోర్డు పెట్టాను, పది నుంచి ఒంటిగంట వరకేనని. ఎవరూ పోలేదు, అందరూ ఆ టైముకే వచ్చారు. మొదటి రోజే పెట్టాల్సింది.

అందుకని గదిని సగం చెయ్యి. కిటికీ పక్క నీది, గుమ్మం వైపు పాపది. వాళ్ళ నాన్న పుస్తకాల బీరువాని మధ్యలో అడ్డం పెడితే చాలు, దానికో గోడ కట్టక్కర్లేదు. టైల్స్ ముక్కలు, లామినేట్ పలకలు, ఆ రాళ్ళూ రప్పలూ అన్నీ ఒక్క పెట్టెలో పట్టాలి. పెట్టె నిండితే పాతవి తిరిగిచ్చెయ్, లేకపోతే ఆర్నెల్లలో బాల్కనీ పోతుంది, పావురాలకి కూడా చోటు మిగలదు. క్లయింట్లను సైటు దగ్గరో, ఏ ఇరానీ హోటల్లోనో కలువు. ఇంటికి రమ్మనాల్సివస్తే వారంలో ఒక్క పూట.

మూడున్నరకి పాప స్కూల్ వ్యాను వస్తుంది కదా. ఆ టైముకి కాల్ పెట్టుకోకు. నాలుగేళ్ళ పిల్లకి "అమ్మ ఇంట్లోనే ఉంది, కానీ లేదు" అంటే అర్థం కాదు. ఒక అరగంట దానికి పాలిచ్చి, బళ్ళో ఏమైందో విని, అప్పుడు లోపలికి వెళ్ళు. తలుపు గడియకి నీ ఎర్ర చున్నీ కట్టావంటే లోపల కాల్‌లో ఉన్నావని గుర్తు, లేకపోతే ఎప్పుడైనా రావచ్చు. కాల్ లేనప్పుడు కూడా చున్నీ కట్టి మోసం చేయకు, కనిపెట్టేస్తుంది. అల్లుడుగారితో కూడా ముందే మాట్లాడుకో, బెల్లు మోగితే ఎవరు తీయాలి, గ్యాసు బండ వస్తే ఎవరు చూడాలి అని. ఇంట్లో ఉన్నావు కదా అని అన్నీ నీ మీదే పడతాయి, ఆయన చెడ్డవాడని కాదు, మనింట్లో నేనూ అలాగే మోశాను. కుక్కరు పెట్టడానికీ మీటింగుకీ కుదరని రోజు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకోండి, అన్నం వండుకుంటే సరి. నేను ఏమీ అనుకోను.

డబ్బు విషయాలు రెండు ముక్కల్లో. ఫీజులు పడటానికి వేరే బ్యాంకు ఖాతా తెరువు, ఇంటి ఖర్చు అందులోంచి తీయకు. బిల్డర్లు నీకిచ్చే ఫీజులో పది శాతం ముందే పన్ను కింద, అంటే టీడీఎస్ పట్టుకుంటారు, అది నీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కం టాక్స్ సైటులో చూసుకుంటూ ఉండు. నేను చెప్పిన ఆ సగం పద్ధతిలో అయితే అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15 లోపు ఒక్కసారే కట్టొచ్చు. ఏడాదికి 20 లక్షలు దాటేట్టుంటే జీఎస్టీ సంగతి నాతో మాట్లాడు, దాటాక కాదు, దాటకముందే.

నీ డ్రాయింగులన్నీ మూడు చోట్ల ఉండాలి. లాప్‌టాప్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి. ఆ డిస్క్ మాత్రం మీ ఇంట్లో వద్దు, మన బీరువాలో పెడదాం. నెలకోసారి వచ్చి కొత్తవి ఎక్కించుకుని వెళ్ళు. ఆ వంకతోనైనా వస్తావు.

కొత్త టేబుల్ కొనకు. ఈ మార్చితో నేను పని ఆపేశాను కదా, టేకుది నీకు పంపుతున్నాను. పొడవు 54 అంగుళాలు, వెడల్పు 30. మీ గది గుమ్మం వెడల్పు కొలిచి చెప్పు, పక్కకి ఒరిగించి పట్టించొచ్చేమో మీ నాన్న చూస్తారు. లిఫ్టు లోపల కూడా కొలువు. పట్టకపోతే ఏడో అంతస్తుకి మెట్ల మీద మోయడానికి ట్రాలీ ఆటో అతను వేరే రేటు అడుగుతాడు. బుధవారం లోపు చెబితే శనివారం పంపిస్తాం.

నువ్వు మీ నాన్న పొడుగు, 28 అంగుళాలు నీకు తక్కువవుతుంది. గులాబీ కుండీ కింది ముక్కలు నాలుగూ నాన్న పొద్దున్నే తీసి, బ్రష్షుతో కడిగి గోడ మీద ఎండబెట్టారు. టేకు కదా, ఏమీ కాలేదు. గుడ్డలో మూటకట్టి పై సొరుగులో పెడుతున్నాను, మీ వడ్రంగితో మళ్ళీ అతికించుకో.

మీ అమ్మ